హెలికాప్టర్ చక్రాలు లోపలికి ఎందుకు పోవు?

2025 ఆగస్టులో మానేరు వరదలో నర్మాల దగ్గర చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తెచ్చిండ్రు కదా. అప్పటినుంచి మన వేములవాడ తమ్ముడొకరు అడుగుతనే ఉన్నడు: "అన్నా, విమానం చక్రాలు లోపలికి పోతయి, కొన్ని హెలికాప్టర్లవి బయటనే ఎందుకుంటయి?"

చక్రాలు మడవాలంటే జాక్‌లు, పైపులు, తలుపులు కావాలి. అదంతా బరువే. గంటకు 200 కిలోమీటర్ల లోపు పోయే చిన్న హెలికాప్టర్‌కు అది గిట్టుబాటు కాదు. హకీంపేటలో వాయుసేన పైలట్లు నేర్చుకునే చేతక్‌కు ముందొకటి, వెనక రెండు, మూడూ మడవనివే. దాని జోడీ చీతాకు మాత్రం స్కిడ్లు, అంటే కడ్డీలు. మెత్తటి నేలలో చక్రం దిగబడుతుంది, అక్కడ కడ్డీలే నయం.

దిగే వేగం రెట్టింపయితే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. దాన్ని టైరూ, షాక్ అబ్జార్బరూ మింగాలి. ఇది లెక్కకు అందేదే. అసలు తలనొప్పి గ్రౌండ్ రెజొనెన్స్. పైన రెక్కలు తిరుగుతూ కొంచెం ముందుకూ వెనక్కూ ఊగుతాయి. వాషింగ్ మిషన్‌లో తడి దుప్పటి ఒక్కవైపు చేరితే మిషన్ ఎట్ల ఎగురుతదో చూసిండ్రు కదా, అట్లనే. ఆ ఊపు, కాళ్లమీద బాడీ ఊగే లయతో కలిసిందా, సెకన్లలో హెలికాప్టర్ ముక్కలవుతుంది. టైర్లో గాలి తగ్గినా ఆ లయ మారిపోతుంది! అందుకే పైలట్ ఎక్కేముందు టైర్లు చూసుకోవాలి.

మరి ఊపు మొదలైతే? రోటార్ పూర్తి వేగంలో ఉంటే వెంటనే గాల్లోకి లేపాలి, నేల వదిలితే ఆగుతుంది. వేగం లేకపోతే ఇంజన్ ఆపి, రోటార్ బ్రేక్ వేయడమే.