బ్యాంకు కాదంటే చట్టం ఉంది

జర్మనీ చేరిన మన విద్యార్థికి మొదటి నెలలోనే ఓ చిక్కుముడి ఎదురవుతుంది. వీసా కోసం ఇక్కడి నుంచే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసి విమానం ఎక్కుతాడు. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి చూపించాల్సిన మొత్తం అది. పొలం తాకట్టు పెట్టో, విద్యారుణం తీసుకునో కన్నవాళ్లు జమ చేసిన ఆ పది లక్షల పైచిలుకు రూపాయలు నెలకు 992 యూరోల చొప్పున విడుదలవుతాయి. అవి వచ్చి పడటానికి అక్కడ మామూలు ఖాతా ఒకటి ఉండాలి. ఖాతా అడిగితే చాలా బ్యాంకులు చిరునామా నమోదు పత్రం తెమ్మంటాయి. ఆ నమోదుకు ఇంటి యజమాని సంతకం కావాలి. యజమానేమో అద్దె, డిపాజిట్ ఏ ఖాతా నుంచి వస్తాయో చెప్పమంటాడు.

ఈ వలయంలో తిరిగి తిరిగి అలసిపోయిన పిల్లలు ఎవరో ఏజెంటుకు డబ్బిచ్చి ఖాతా తెరిపించుకోవాలని చూస్తారు. ఆ పని చేసే ముందు వాళ్లకు ఒక్క విషయం తెలియాలి. జర్మనీలో బ్యాంకు ఖాతా చట్టం ఇచ్చిన హక్కు.

ఐరోపా సమాఖ్య 2014లో చేసిన ఆదేశాన్ని అనుసరించి జర్మనీ చెల్లింపు ఖాతాల చట్టం తెచ్చింది. 2016 జూన్ 19 నుంచి, సమాఖ్యలో చట్టబద్ధంగా ఉంటున్న ప్రతి వ్యక్తికీ ప్రాథమిక ఖాతా పొందే హక్కు వచ్చింది. దాన్ని అక్కడ ‘బేసిస్‌కోంటో’ అంటారు. విద్యార్థులకే కాదు, శరణార్థులకూ, తలదాచుకోవడానికి ఇల్లు లేనివాళ్లకూ ఆ హక్కు ఉంది. స్థిర నివాసం లేకపోయినా ఉత్తరాలు అందే చిరునామా ఒకటి చూపిస్తే చాలు. డబ్బు వేయడం, తీయడం, బదిలీ చేయడం, కార్డుతో చెల్లించడం, నెలనెలా అద్దె దానంతటదే కట్ అయ్యేలా చూసుకోవడం అన్నీ ఆ ఖాతాతో కుదురుతాయి. ఓవర్‌డ్రాఫ్ట్ మాత్రం ఆశించకూడదు.

అసలు కిటుకు దరఖాస్తులో ఉంది. మామూలు ఖాతా అడిగితే ఇవ్వాలో వద్దో బ్యాంకు ఇష్టం, కారణం కూడా చెప్పనక్కర్లేదు. అదే కౌంటర్‌లో బేసిస్‌కోంటో కావాలని నిర్ణీత ఫారం నింపి ఇస్తే పరిస్థితి మారిపోతుంది. ఆ ఫారం నమూనా చట్టంలోనే ఉంది, బ్యాంకు దాన్ని ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తు అందిన పది పనిదినాల్లో ఖాతా ఒప్పందం మీ ముందు పెట్టాలి. నిరాకరిస్తే అదే గడువులో రాతపూర్వకంగా తెలపాలి. అందుకే “మీకు ఇక్కడ కుదరదండీ” అని నోటిమాటగా చెబితే తలూపి బయటికి రాకండి. ఫారం ఇచ్చి, తేదీతో రసీదు అడిగి తీసుకోండి. పరాయి భాషలో, పరాయి ఊళ్లో, పంతొమ్మిదీ ఇరవై ఏళ్ల వయసులో అంత గట్టిగా నిలబడటం కష్టమే. ఆ రసీదు లేకపోతే మాత్రం గడువు దాటిందని నిరూపించే దారి ఉండదు.

కాదనడానికి బ్యాంకుకు చట్టం వదిలిన కారణాలు కొద్దే. జర్మనీలో ఇప్పటికే పనిచేసే ఖాతా ఉండటం, ఆ బ్యాంకుపైన నేరానికి పాల్పడి శిక్ష పడటం, అక్కడే పాత ప్రాథమిక ఖాతా బకాయిలతో రద్దు కావడం లాంటివి. గడువు దాటినా, కారణం చెల్లనిదైనా ఆర్థిక పర్యవేక్షణ సంస్థ బాఫిన్‌కు వెళ్లవచ్చు. దానికీ నిర్ణీత ఫారం ఉంది, ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. హక్కు ఉందని తేలితే ఖాతా తెరవమని బాఫిన్ ఆ బ్యాంకును ఆదేశించగలదు. ఛార్జీలకూ హద్దుంది. ప్రాథమిక ఖాతాకు నెలకు 8.99 యూరోలు వసూలు చేయడం చెల్లదని 2020 జూన్ 30న డాయిష్ బ్యాంక్ కేసులో జర్మన్ అత్యున్నత సివిల్ న్యాయస్థానం చెప్పింది.

లాయరే కావాలనుకుంటే జేబు ఖాళీ చేసుకోనక్కర్లేదు. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాలు ఉచిత న్యాయసలహా ఏర్పాటు చేస్తాయి. ఆదాయం తక్కువగా ఉన్నవారికి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ స్థానిక కోర్టు సలహా పత్రం ఇస్తుంది. అది తీసుకెళ్తే లాయరు 15 యూరోలకు మించి అడగకూడదు.

ఇంకో చిన్న మాట. పార్ట్‌టైమ్ ఉద్యోగమిచ్చే యజమాని, ఐరోపా సమాఖ్యలోని మరో దేశపు ఖాతా నంబరుకు (ఐబాన్) జీతం వేయనంటే ఒప్పుకోకండి. జర్మన్ ఖాతానే కావాలని పట్టుబట్టడం సమాఖ్య 2012లో చేసిన నిబంధనకు విరుద్ధం.

హక్కు గురించి చెప్పాక ప్రమాదం గురించీ చెప్పాలి. ఖాతా తెరిచిన కొత్తలో “మా డబ్బు మీ ఖాతాలో పడుతుంది, కొంత ఉంచుకుని మిగతాది పంపండి” అని పార్ట్‌టైమ్ పని పేరుతో ఎవరైనా అడగవచ్చు. అది దొంగసొమ్మును తెల్లధనం చేసే పని. తెలియక చేశానన్నా తప్పించుకోవడం కష్టం. ఘోరమైన నిర్లక్ష్యంతో చేసినా మనీ లాండరింగ్ కింద శిక్షించే వీలు జర్మన్ శిక్షాస్మృతిలో ఉంది. చదువు, వీసా రెండూ అక్కడితో ఆగిపోవచ్చు. దయచేసి ఈ పేరా మీ పిల్లలకు చదివి వినిపించండి.

ఇక మన వైపు చట్టాలు. ఇక్కడి నుంచి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. అందుకు బ్యాంకులో ఏ2 ఫారం, పాన్ కావాలి. చదువు ముగించి తిరిగొచ్చినా, విదేశంలో ఉన్నప్పుడు సంపాదించిన డబ్బుతో ఆ జర్మన్ ఖాతాను కొనసాగించడానికి మన విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకుంటుంది. అయితే పన్ను లెక్కలో మీరు పూర్తి రెసిడెంట్ అయిన ఏడాది నుంచి రిటర్నులోని విదేశీ ఆస్తుల (ఎఫ్ఏ) షెడ్యూలులో ఆ ఖాతాను చూపించాలి. దాచిపెడితే 2015 నల్లధన చట్టం కింద పది లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాక మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటనివారికి 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా వర్తించదు. అయినా చూపించడమే మంచిది. ఏడాది మధ్యలో ఖాతా మూసేసినా స్టేట్‌మెంట్లు, మూసినట్టు బ్యాంకు ఇచ్చిన లేఖ జాగ్రత్తగా దాచుకోండి.