దారి మళ్లితేనే రుచి!

* వారాంతంలో సరిహద్దు దాటే కుటుంబాలు
* పెద్ద రోడ్డు మీద వెతుకులాట.. ఊరి నడిబొడ్డున అసలు భోజనం

వాషర్‌మెన్‌పేట్: శనివారం తెల్లవారుజాము. ఎం.సి. రోడ్డులో బట్టల దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. సందుల్లో మాత్రం కార్ల డిక్కీలు తెరుచుకుంటున్నాయి. సూళ్లూరుపేటలో పెళ్లి, నెల్లూరులో అత్తగారిల్లు, చెంగాళమ్మ దర్శనం.. కారణం ఏదైనా ప్రయాణం ఉత్తరానికే. పెద్దావిడకు షుగర్ మాత్రలు, పిల్లలకు బిస్కెట్లు, సీసాల్లో మంచినీళ్లు సర్దేశారు. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. 'టిఫిన్ ఎక్కడ?'

చూడ్డానికి చిన్న ప్రశ్నే. సమాధానం తప్పిందా.. రెండు రోజుల సెలవు కాస్తా కడుపునొప్పితో ముగుస్తుంది. షుగర్ ఉన్నవారికి గంట ఆలస్యమైనా కళ్లు తిరుగుతాయి. అందుకే బండి తీసేముందే తిండి సంగతి తేల్చుకోవాలి.

వీరాస్వామయ్య నాడే చూశారు

ఈ వెతుకులాట ఇవాళ్టిది కాదు. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. తొలి మజిలీ మాధవరం. తిరిగొచ్చింది 1831 సెప్టెంబరులో. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఎక్కడ వంట సామాను దొరుకుతుంది.. అన్నీ రాసుకుంటూ వెళ్లారాయన. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. అదే మాధవరంలో 2018 నుంచి ఆంధ్ర వైపు వెళ్లే బస్సులకు స్టాండు ఉంది. అప్పట్లో బాటసారికి సత్రమే దిక్కు. దారిలో దొరవారిసత్రం లాంటి ఊరి పేర్లు ఆ కాలాన్ని ఇంకా గుర్తు చేస్తూనే ఉన్నాయి.

ఊళ్లను వదిలేసిన రోడ్డు

మద్రాసు - కలకత్తా రోడ్డు అప్పట్లో ఊళ్ల మధ్యనుంచే పోయేది. బస్సు ఆగితే ఎదురుగా హోటలు. ఐదో నంబరు జాతీయ రహదారి 2010లో పదహారో నంబరైంది. రోడ్డు వెడల్పయింది, వేగం పెరిగింది. నాయుడుపేట, గూడూరు, నెల్లూరు.. అన్నిటికీ బైపాస్‌లే. కారు ఊరి బయటినుంచే జారిపోతోంది. పక్కన రంగు దీపాల ఫుడ్‌ కోర్టులు కనిపిస్తాయి. పార్కింగు ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి. కాదనలేం. కానీ అక్కడి మెనూ ఏ రాష్ట్రంలోనైనా ఒకటే! నూడుల్స్, పన్నీరు, ఫ్రైడ్ రైస్. నెల్లూరు వెళ్తూ నెల్లూరు కూడు తినకుండా వచ్చేసినట్టే.

నష్టం తినేవాళ్లకే కాదు. బస్టాండు పక్కన నాలుగు బల్లలు వేసుకుని మెస్సు నడిపే వారికి రోడ్డు మీది గిరాకీయే ఊపిరి. కార్లు ఊళ్లోకి తిరగడం మానేస్తే పొయ్యి ఆరిపోతుంది. పొయ్యితోపాటే ఆ చేతి వంటా పోతుంది.

తడ దాటితే పప్పు ముందుకు

వాషర్‌మెన్‌పేట్ నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే తడ. అంతవరకూ పొంగల్, వడ, సాంబారు రాజ్యం. ఆ తర్వాత ఇడ్లీ పక్కకు కారప్పొడి చేరుతుంది. మధ్యాహ్నం విస్తట్లో సాంబారు వెనక్కి తగ్గి పప్పు, నెయ్యి, ఊరగాయ ముందుకొస్తాయి. పులికాట్ సరస్సు పక్కనే కనుక సూళ్లూరుపేట వైపు రొయ్యలు, పీతలు అడగొచ్చు. చలికాలమైతే నేలపట్టులో పక్షులను చూసి, ఆకలితో వచ్చి కూర్చుంటే ఆ రుచే వేరు.

నెల్లూరు చేరాక చెప్పేదేముంది! ఎర్రకారం పూసిన దోశ. చింతపండు, మామిడి ముక్కలతో చేపల పులుసు. ముందురోజు కాచి ఉంచిన పులుసుకే గిరాకీ ఎక్కువ. ముక్కకు పులుపు పట్టాలి మరి. శాకాహారులకు కోమల విలాస్ భోజనం ఉండనే ఉంది. తిరుగు ప్రయాణంలో మలై కాజా పొట్లం మామూలే.

తిరుపతి వెళ్లేవారికి ఊత్తుకోట దారి ఉంది. సురుటుపల్లిలో శయనించిన శివుణ్ణి, నాగలాపురంలో వేదనారాయణ స్వామిని చూసుకుని పుత్తూరు మీదుగా పోవచ్చు. గుడి ఉన్న ఊళ్లో టిఫిన్ పొద్దున్నే దొరుకుతుంది.

అడగడంలోనే ఉంది

'ఇక్కడ మంచి హోటల్ ఏది?' అని అడిగితే పెద్ద బోర్డున్న చోటే చూపిస్తారు. వచ్చినాయన కారులో వచ్చాడు కదా అని వాళ్ల మర్యాద. 'అన్నా, మీరు రోజూ ఎక్కడ తింటారు?' అని అడిగి చూడండి. మెడికల్ షాపాయనైనా, ఆటో డ్రైవరైనా వేలు పెట్టి సందు చూపిస్తారు. లారీలు ఆగాయని మాత్రం నమ్మేయొద్దు. స్థలం ఉందని ఆగి ఉండొచ్చు. ఊరివాళ్లు పిల్లాపాపలతో కూర్చున్నారా, అది చూడాలి.

సెల్‌ఫోన్‌లో నక్షత్రాలు లెక్కపెట్టుకున్నా సరిపోదు. ఈ నెలలో పెట్టిన ఫొటోలు చూస్తే విస్తరి సంగతి తెలుస్తుంది. చిన్న మెస్సులకు అసలు ఫోనులో పేరే ఉండదు. పేరు లేనంత మాత్రాన రుచి లేదనుకుంటే పొరపాటే.

ఇవి గుర్తుంటే చాలు

* టిఫిన్ తొమ్మిదిన్నర లోపు, భోజనం రెండు లోపు. ఆలస్యమైతే అడుగున మిగిలిందే గతి.
* ఆఫీసుల దగ్గరి మెస్సులకు ఆదివారం సెలవు ఉండొచ్చు. ముందే కనుక్కోండి.
* నాలుగైదు రకాలే వండే చోట అన్నీ వేడిగా ఉంటాయి. వంద రకాల బోర్డు ఉంటే కాస్త ఆలోచించాలి.
* చేతులు కడిగే చోటు చూస్తే వంటగది సంగతి తెలిసిపోతుంది. నూనె నల్లగా ఉంటే వేపుడు వద్దు.
* ఆహార భద్రత లైసెన్సు గోడకు కనిపించాలి. అందులో 14 అంకెల నంబరు ఉంటుంది.
* చేపలు, రొయ్యలు మధ్యాహ్నమే తినేయాలి. వేసవిలో పార్శిల్ కట్టించుకుని చెన్నై దాకా మోసుకురావద్దు.

పది నిమిషాలే

బైపాస్ దిగి ఊళ్లోకి వెళ్లి రావడానికి కాస్త సమయం పోతుంది. ఆ కాస్త సమయంలోనే పిల్లలు తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతారు. వడ్డించే ఆమె 'ఇంకొంచెం పప్పు వేసేదా?' అని అడుగుతుంది. పెద్దావిడ వేళకు మాత్ర వేసుకుంటుంది. ఆదివారం రాత్రి కారు మళ్లీ ఎం.సి. రోడ్డు సందులోకి తిరిగేసరికి, బర్మా నుంచి 1960లలో తిరిగొచ్చిన కుటుంబాలు ఉత్తర చెన్నైకి అలవాటు చేసిన అత్తో బండ్ల దగ్గర జనం మూగి ఉంటారు. ఎక్కడివాళ్లు ఎక్కడికొచ్చినా నాలుక మాత్రం ఊరిని మరిచిపోదు.

రోడ్డు ఊరిని దాటేసింది. మనం దాటేయకుంటే చాలు.. ఆ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది!