నూర్పిళ్ళ రోజుల్లో నల్లగుడ్డు జాగ్రత్త

వరి కోతలు, నూర్పిళ్ళు జరిగే రోజుల్లో కంటి విభాగానికి ఒక రకం రోగులు ఎక్కువగా వస్తారు. ఒక కన్ను ఎర్రగా ఉంటుంది, రెప్ప వాచి ఉంటుంది, వెలుతురు చూడలేక తల వంచుకుని కూర్చుంటారు. ఏం జరిగిందని అడిగితే "వడ్లగింజ ఎగిరి తగిలిందండీ, అప్పుడే తీసేశాం" అంటారు. ఎన్నాళ్ళయిందంటే పది రోజులంటారు. ఆ పది రోజుల్లో కంటిలో ఏం జరుగుతుందో చెప్పుకుందాం.

నల్లగుడ్డు నల్లగా ఉండదు

మనం నల్లగుడ్డు అని పిలిచే చోట కంటికి ముందువైపు గడియారపు అద్దంలాంటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దీన్నే కార్నియా అంటారు. దానికి రంగు లేదు. వెనకనున్న తెర రంగు దానిలోంచి కనబడడం వల్ల నల్లగుడ్డు అన్నాం. మధ్యభాగంలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. వెలుతురు ముందుగా దీనిలోంచి వెళ్ళి, కంటిపాప గుండా, లోపలి కటకం గుండా వెనకనున్న రెటీనా మీద పడుతుంది. అక్కడినుంచి నరం ద్వారా మెదడుకు చేరుతుంది. వెలుతురును వంచి సరిగ్గా రెటీనా మీద కేంద్రీకరించే పనిలో సుమారు మూడింట రెండు వంతులు కార్నియాదే. చాలామంది లోపలి కటకమే అంతా చేస్తుందనుకుంటారు.

ఇంత ముఖ్యమైన పొరలో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురుకు అడ్డం వచ్చేవి. అందుకే అది తనకు కావలసిన ఆక్సిజన్‌ను చాలావరకు గాలినుంచి, కన్నీటి ద్వారా తీసుకుంటుంది. రక్తం నేరుగా అందదు కనుక లోపలికి క్రిమి చేరితే దాన్ని ఎదుర్కొనే తెల్లకణాలు అక్కడికి రావడం ఆలస్యమవుతుంది. చూపుకోసం ఆ పొర చెల్లించే ధర ఇది.

కంటికున్న కాపలా

కన్ను ఎముకల గూటిలో ఉంటుంది. కనుబొమలు చెమటను పక్కకు మళ్ళిస్తాయి. రెప్పవెంట్రుకలకు ఏదైనా తగిలితే మనం ఆలోచించేలోగానే రెప్ప మూసుకుంటుంది. మామూలుగా కూడా మనం నిమిషానికి పదిహేనుసార్లకు అటూఇటుగా రెప్పలు ఆర్పుతాం. ప్రతిసారీ కొత్త కన్నీటి పొర కంటిమీద పరచుకుంటుంది. రెప్పల అంచుల్లోని గ్రంథులు సన్నని నూనెపొర వదిలి ఆ నీరు తొందరగా ఆరిపోకుండా చూస్తాయి. వాడిన నీరు లోపలి మూలనున్న చిన్న రంధ్రాలగుండా ముక్కులోకి పోతుంది. ఏడిస్తే ముక్కు కారేదీ, కంట్లో చుక్కలు వేసుకుంటే గొంతులో చేదు తగిలేదీ అందుకే.

కన్నీటిలో లైసోజైమ్ అనే పదార్థం ఉంది. కొన్ని బాక్టీరియాల గోడను ఇది ఛేదిస్తుంది. పెన్సిలిన్‌కు ముందే, 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీన్ని గురించి ప్రకటించాడు. అయితే అన్నిటికంటే గట్టి కాపలా కార్నియాపై ఉండే పలుచని చర్మంలాంటి పొరది. అది చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు చాలా రకాల క్రిములు లోపలికి పోలేవు. వడ్లగింజ, ఊక, చెరకు ఆకు అంచు, పశువు విసిరిన తోక గీసేది సరిగ్గా ఆ పొరనే. గీతతోపాటు మట్టిలో, గడ్డిలో ఉండే బూజుజాతి క్రిములు, అంటే ఫంగస్, లోపల దిగుతాయి.

మొదటి రోజు విలువ

పైపొర మాత్రమే గీసుకుపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లో మచ్చలేకుండా మానుతుంది. క్రిమి చేరితే మాత్రం పుండవుతుంది. ఫంగస్ మెల్లగా పెరిగేది. మొదట్లో నొప్పి కాస్త తగ్గినట్టు కూడా అనిపిస్తుంది. తర్వాత నల్లగుడ్డుపై బూడిదరంగు మచ్చ కనబడుతుంది. పుండు లోతుకు పోతే మానినా తెల్లని మచ్చ మిగులుతుంది. పల్లెల్లో "పువ్వు పడింది" అనేది దీన్నే. పువ్వు సరిగ్గా కంటిపాప ఎదుట పడితే ఆ కన్ను వెలుగునీడలు తప్ప చూడలేకపోవచ్చు.

నేపాల్‌లోని భక్తపూర్ జిల్లాలో నల్లగుడ్డు గీసుకుపోయిన 442 మందికి గ్రామాల్లోనే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ వేసి చూశారు. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. దెబ్బతగిలిన 18 గంటల్లోపు మందు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు కాలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో 4గురికి, ఒక రోజు దాటాక వచ్చిన 49 మందిలో 14 మందికి పుండయింది. తర్వాత నేపాల్‌లోనే ఇంకా పెద్దయెత్తున జరిగిన మరో అధ్యయనంలో గ్రామ కార్యకర్తల ద్వారా ఇలా మందు ఇవ్వడంవల్ల పుండ్లు తగ్గినట్టు తేలలేదు. కాబట్టి ఇంట్లో ట్యూబు ఉందికదా అని ఊరుకోవడం సరికాదు. ఆ రోజే కన్ను చూపించుకోవాలి. డాక్టరు పసుపురంగు మందు అద్ది నీలికాంతిలో చూస్తే గీత ఆకుపచ్చగా మెరుస్తుంది. మరుసటి రోజు మళ్ళీ రమ్మంటే, నొప్పి లేకపోయినా వెళ్ళండి.

నలుసు పడగానే కన్ను నులమకండి. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి రెప్పలార్పండి. నల్లగుడ్డులో గుచ్చుకున్నదాన్ని లాగవద్దు. నాలుకతో నలుసు తీసేవారి దగ్గరకు వెళ్ళడం, ఆముదం, తల్లిపాలు, ఆకుపసర్లు వేయడం మానాలి. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, కానీ గాయమైన కంటిలోకి కొత్త క్రిములు అలాగే చేరతాయి.

వీటికంటే నాకు ఎక్కువ భయం కలిగించేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు, వాపు రెండురోజుల్లో తగ్గుతాయి. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. లోపల మాత్రం ఫంగస్‌కు అడ్డులేకుండా పోతుంది. మీరు అప్పటికే ఏవైనా చుక్కలు వేసి ఉంటే ఆ సీసా దాచకుండా వెంట తెచ్చి చూపించండి.

పుండయ్యాక దాన్ని కొద్దిగా గీరి సూక్ష్మదర్శినిలో చూసి ఏ క్రిమో తెలుసుకోవాలి. మన ప్రాంతాల్లో ఎక్కువగా కనబడే ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ ఫంగస్‌లకు నాటమైసిన్ చుక్కలు వాడతారు. మొదట్లో గంటగంటకూ, మొత్తంమీద వారాల తరబడి వేయాలి. పని వదిలి ఎవరో ఒకరు పక్కన ఉండాలి. కూలిపని మీద బతికే ఇంటికి అది చిన్న విషయం కాదు. షుగరు జబ్బున్నవారికి మానడం ఇంకా ఆలస్యం కావచ్చు.

నూర్చేటప్పుడు, తూర్పారబట్టేటప్పుడు, కోతయంత్రం వెనక నడిచేటప్పుడు మామూలు ప్లాస్టిక్ కళ్ళద్దాలు పెట్టుకున్నా చాలావరకు అడ్డుకుంటాయి. చెమటకు మసకబారుతున్నాయని సగంలో తీసేసేవారే ఎక్కువ. పక్కల గాలి ఆడే రంధ్రాలున్నవి కొనండి, తుడుచుకోవడానికి శుభ్రమైన గుడ్డముక్క జేబులో ఉంచుకోండి.