మంచుగడ్డపై హాకీ

పుష్యమాసపు వేకువను అరకులోయయందును, లంబసింగియందును గడ్డిపరకలపై తెల్లని మంచు పేరుకొనియుండుట మన విద్యార్థు లెఱిగినదే. ఎండ పొడచూపగనే యది కరగిపోవును. అట్టి మంచును మాత్రమే చూచినవారికి, నీరు బండవలె గట్టిపడగా దానిపై పండ్రెండుగురు హాకీ యాడుదురనిన నమ్మిక కలుగుట కష్టము. అయినను ఆ యాట మన దేశమునందే కలదు. సిమ్లాలో 1920వ సంవత్సరమున ఆరుబయట మంచుగడ్డ క్రీడాస్థల మేర్పడెను. లడఖులో శీతకాలమున చదునైన నేలకు గట్టుకట్టి, రాత్రులు నీరు పోసి గడ్డకట్టింతురు.

నేలపై నాడు హాకీ కొండవారికి క్రొత్త గాదు. 1928లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్కులలో భారత జట్టునకు నాయకుడుగా నేర్పడిన జయపాలసింగు ఛోటానాగపురపు ముండా జాతివాడు. మిషను పాఠశాలలో చదివినవాడు. కావున ఈ క్రొత్త యాటను ఆ పాతదానితో పోల్చి చెప్పెదము.

మొదటి విద్య నడక. జోడు క్రింద నుండు ఉక్కుపలక ముందునకు సులువుగా జారును. ప్రక్కకు మాత్రము జారక మంచును కఱచి పట్టును. అందుచే ఆటగాడు పాదమును వెనుకకు గాక ప్రక్కకు త్రోయుచు ముందునకు సాగును. ఆగవలసినప్పుడు రెండు పలకలను అడ్డముగా ద్రిప్పి మంచును చెక్కివేయును. ఆగుట నేర్వనివానికి వేగము నేర్పుట అపాయమని మా యభిప్రాయము.

ఇచ్చట బంతి లేదు. దానికి బదులు మూడంగుళముల వెడల్పు, ఒక యంగుళము దళసరి గల గట్టి రబ్బరు బిళ్ల, పేరు పక్కు. నేల హాకీలో కఱ్ఱకు ఒకవైపుననే కొట్టవలయును గదా! ఇందు రెండువైపులను వాడవచ్చును. జట్టునకు గోలురక్షకుడు, ఇద్దఱు వెనుకవారు, ముగ్గురు ముందువారు, వెరసి ఆఱుగురు. ముప్పాతిక నిమిష మాడునప్పటికే అలసిపోవుదురు గనుక, ఆట సాగుచుండగనే ఒకరు గట్టు దాటి వెలికి రాగా మఱియొకరు లోనికి బోవుదురు. ఇరువది నిమిషముల భాగములు మూడు.

స్థలమునకు అడ్డముగా రెండు నీలపు గీతలు, నడుమ నొక యెఱ్ఱగీత యుండును. పక్కు నీలపుగీతను దాటకమునుపే దాడిచేయువాడు దాటెనేని అది ఆఫ్‌సైడు. నేల హాకీలో ఈ నిబంధనను 1998లో తీసివేసిరి. ఇచ్చట నది నేటికిని ప్రాణము వంటిది. ఎఱ్ఱగీతకు ఇవతల నుండియే పక్కును ఎదుటివారి గోలుగీత దాటునట్లు ఊరక విసరివేయుట ఐసింగు అనబడును. ఆపద తప్పించుకొను ఆ పిఱికి యుపాయమును నియమము ఒప్పదు. ఆట మరల విసరినవారి గోలు చెంతనే మొదలగును.

మాకు మిక్కిలి నచ్చినది శిక్షావిధానము. ఎదుటివానిని కఱ్ఱతో తన్నిపడవేసినవాడు రెండు నిమిషములు ప్రత్యేకపు బల్లపై కూర్చుండవలయును. వాని స్థానమున మఱియొకడు రాడు. ఒకని కోపమునకు తక్కిన తోడివారు ఒక యాళు తక్కువగా పోరాడుదురు. అధిక సంఖ్య గలవారి యీ యవకాశమునకు పవర్ ప్లే యని పేరు. వారు తొందరపడక, పక్కును ఒకరికొకరు అందించుకొనుచు, రక్షకులను ఇటునటు లాగి సందు కల్పించుకొందురు. తక్కువవారు తమ గోలు ముందట చతురముగా నిలిచి నడిమి త్రోవను మూయుదురు. ఐసింగు నిషేధము ఆ కొలదిసేపు వారికి వర్తింపదు. గోలు పడినచో చిన్న శిక్ష ముగియును. అయిదు నిమిషముల పెద్దశిక్ష గోళ్లెన్ని పడినను ముగియదు.

మన భారత జట్టులలో లడఖువారే యధికులు. 2025లో మన స్త్రీల జట్టు ఆసియా కప్పులో కాంస్యపతకము గెలిచెను. మంచులేని తెలుగుదేశమున చక్రముల జోళ్లు గలవు. వానిపై నాట్యవిన్యాసములు చేసిన హైదరాబాదు వాస్తవ్యుడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడలలో కాంస్యములు గడించెను. ఆ జోళ్లతోనే ఆడు హాకీ కూడ నొకటి కలదు. దానికి నున్నని గచ్చునేల చాలును.