నీళ్లట్యాంకు నిండిన సంగతి మోటారుకు తెలియుట యెట్లు?

నేను కొల్లేటికోట ప్రాంతమున చిరకాలము బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాఁడను. నీటి నడుమ పుట్టి పెరిగిన మీకు నీటిని గూర్చి చెప్పఁబూనుట చేఁపపిల్లకు ఈఁత నేర్పుటవలె నుండును. అయినను నేఁడు నేను చెప్పఁబోవునది కొల్లేటి నీటిని గూర్చి కాదు. మన త్రాగునీటి ట్యాంకును గూర్చి, దానిని నింపు మోటారును గూర్చి, ఆ రెంటికిని నడుమ నుండవలసిన సంబంధమును గూర్చి.

మన చుట్టును నీరే. కాని కడవ ముంచుకొని త్రాగుదమన్న వీలులేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చిన నీరు సరస్సున నిలిచి, ఉప్పుటేటి గుండ సముద్రమును చేరుచున్నది. వేసవిలో సరస్సు తగ్గినపుడు సముద్రపుఁబోటు ఆ ఉప్పుటేటి గుండనే ఎదురెక్కి ఉప్పును తెచ్చును. పెక్కుచోట్ల బోరు వేసినను ఉప్పునీరే పడును. కావున ఈ ప్రాంతమునఁ బెక్కు గ్రామములు కాలువనీటిని మంచినీళ్ల చెఱువులో నిలువచేసికొని, వడకట్టి, మోటారుతో ఎత్తు ట్యాంకున కెక్కించి వాడుకొనుచున్నవి. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట, మఱల నీరు విడుచువఱకు ఆ చెఱువే దిక్కు.

అట్టి యొక వేసవిలో నేనెఱిఁగిన గ్రామమున జరిగిన సంగతి చెప్పెదను. ట్యాంకు కనిపెట్టుకొని యుండు కుఱ్ఱవాఁడు రాత్రి మోటారు వేసి, పగలంతయు పనిచేసిన అలసటచే నిద్రపోయెను. తెల్లవాఱుసరికి వీథి బురదయయ్యెను. చెఱువున ఉండవలసిన నీరు మురుగుకాలువ పాలయ్యెను. మఱి పది దినములకు క్రింది సంపులో నీరు లేనపుడు మోటారు వట్టిగా తిరిగి మాడిపోయెను. దానిని బాగుచేయించి తెచ్చునందాఁక ఆఁడువారు బిందెలు పట్టుకొని పొరుగూరికి నడచిరి. రచ్చబండవద్ద అందఱును ఆ కుఱ్ఱవానిని తీసివేయవలెననిరి. నేనొకమాట అడిగితిని: "అయ్యా, రాత్రి యెల్ల నిద్రతో పోరాడుమని వానిని నియమించినది మనము కాదా? కన్ను మూయని కాపరిని పెట్టుటకు ఉపాయమున్నదేమో ముందు చూతము." ఆ ఉపాయమే నేఁటి ప్రసంగమునకు విషయము.

ముందుగా నష్టమెంతయో లెక్క చూడుఁడు. మోటారు గంటకు 10,000 లీటర్ల నీరు పోయుననుకొందము. ట్యాంకు నిండిన తరువాత అరగంట ఏమఱినచో 5,000 లీటర్లు నేలపాలగును. 2019లో ఆరంభమైన జలజీవన మిషను గ్రామవాసికి దినమునకు 55 లీటర్లు అందవలెనని నిర్ణయించినది. ఆ లెక్కను ఒక్క అరగంట నిద్రలో తొంబదిమంది దినవెచ్చపు నీరు పోయినది.

నీటిమట్టమును బట్టి పని నడపుట క్రొత్త సంగతి కాదు. మన పూర్వులు అడుగున సన్నని బెజ్జముగల గిన్నెను నీటిపై విడిచి, అది నిండి మునుఁగు కాలమును ఒక ఘటికగా, అనఁగా 24 నిమిషములుగా, కొలిచిరి. అయితే ఆ గిన్నె మునిఁగినదని చూచి గంట కొట్టుటకు మనుష్యుఁడు మేలుకొని యుండవలసినదే. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము ఈజిప్టుదేశమందలి అలెగ్జాండ్రియాలో టెసిబియసు అను శిల్పి తన నీటిగడియారమున నీటిపై తేలు బెండు నొకదానిని అమర్చెను. నీరు పెరిగినపుడు బెండు లేచి, వచ్చు నీటిని తానే అడ్డగించెడిది. తగ్గినపుడు దిగి దారి విడిచెడిది. 1765లో రష్యాదేశమునందు పొల్జునోవు అనునతఁడు ఆవిరియంత్రపు బాయిలరులో నీటిమట్టమును ఇట్టి బెండుతోనే నిలిపెను. కాపరి కన్నుపని బెండునకు అప్పగింపఁబడినది.

మన యిండ్ల తొట్లలోని బాల్‌వాల్వు ఈ జాతిదే. ఎత్తునుండి దిగివచ్చు నీటికి అది చాలును. కాని మోటారు త్రోయు నీటికి అది ఒక్కటియే చాలదు. ఏలయనఁగా, వాల్వు మూసికొన్నను ఆ సంగతి మోటారుకు తెలియదు. అది మూసిన తలుపును త్రోయుచునే యుండును. పంపులోని నీరు వేఁడెక్కును. గొట్టముల అతుకులపై ఒత్తిడి పెరుగును. కావున ట్యాంకు నిండిన వార్త మోటారువఱకు చేరవలెను.

ఆ వార్తాహరుఁడే ఫ్లోట్ స్విచ్చి. మన జాలరులు వలకు కట్టు బెండును తలఁచుకొనుఁడు. అటువంటి బోలు గుల్ల యొకటి విద్యుత్తీఁగ చివర వ్రేలాడుచుండును. నీరు తక్కువగా నున్నపుడు తల వాల్చి యుండును. నీరు పెరిగినపుడు తేలి తల యెత్తును. లోపల నొక చిన్న లోహపుగుండు అటునిటు దొరలి, విద్యుత్తు దారిని కలుపుటయో విడఁదీయుటయో చేయును. మోటారు త్రాగు విద్యుత్తంతయు ఈ చిన్న స్విచ్చిగుండ పోదు. ఇది స్టార్టరులోని కాంటాక్టరుకు ఆజ్ఞ మాత్రమే యిచ్చును. మునసబు కనుసైగ చేయఁగా తలయారి కదలినట్లు, పెద్దపనిని కాంటాక్టరు చేయును.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. దీనిని చాలమంది విడిచిపెట్టుదురు. ఆపుటకును, మఱల నడుపుటకును ఒకే మట్టము పెట్టరాదు. పెట్టినచో నీరు బెత్తెఁడు తగ్గఁగానే మోటారు లేచును, బెత్తెఁడు పెరుగఁగానే ఆగును. అలల కదలికకే పదేపదే లేచి ఆగుచుండును. మోటారు కదలునపుడు క్షణకాలము సాధారణపు విద్యుత్తునకు అయిదాఱు రెట్లు త్రాగును. మాటిమాటికి ఇట్లు జరిగిన చుట్టలు వేఁడెక్కి మాడును. కాంటాక్టరు మొనలు కాలును. కావున రెండు మట్టములు వలయును. ట్యాంకు లోఁతు మూఁడు మీటర్లైనచో, అంచునకు జానెఁడు దిగువను "ఆఁగు" గుఱుతు. దానికి ఒక మీటరు దిగువను "నడువు" గుఱుతు. నడుమ నున్నపుడు మోటారు ముందు చేయుచున్న పనినే చేయుచుండును: నడచుచున్న నడచును, ఆగియున్న ఆగియుండును. ఆఁకలి వేసినపుడు విస్తరివద్ద కూర్చుండి, కడుపు నిండినపిదప లేచువాఁడు ఆరోగ్యవంతుఁడు. ముద్దముద్దకు లేచి కూర్చుండువాఁడు తానును బాధపడును, వడ్డించువారిని బాధించును. గుల్లను వ్రేలాడఁదీయు తీఁగ పొడవును మార్చి ఈ యెడమును ఎంత కావలసిన అంత పెట్టుకొనవచ్చును.

పైకాపరి యొక్కఁడే చాలఁడు. క్రింది సంపులోను ఇంకొక బెండు ఉండవలెను. అచ్చట నీరున్నదని అది చెప్పిననే మోటారు కదలవలెను. పైవాఁడు "కావలెను" అని, క్రిందివాఁడు "ఉన్నది" అని, ఇరువురును ఒప్పుకొన్నపుడే పని. ఒకఁడు కాదన్నను మోటారు నిలువవలెను.

తీఁగ తెగిన నేమగునని మీరడుగవలెను. ఇదియే పెద్దలడుగవలసిన ప్రశ్న. రెండు బెండ్లును "నడువవచ్చును" అన్నపుడు దారి కలియునట్లు అమర్చినచో, తీఁగ యెక్కడ తెగినను దారి విడిపోయి మోటారు ఆగును. నీరు రాలేదని జనులు చెప్పుదురు, మనము బాగుచేయింతుము. దీనికి విరుద్ధముగా, "నిండినది" అన్నపుడు మాత్రమే దారి కలియునట్లు పెట్టినచో, తీఁగ తెగిననాఁడు ఆ కబురు రానేరాదు. నీరు పొర్లుచునే యుండును. చువ్వలు నీటిని తాఁకుటను బట్టి మట్టము తెలిసికొను యంత్రములలో ఈ లోపము ఉండవచ్చును. అదియుఁ గాక చువ్వలకు పాఁచియు సున్నమును పట్టును. వానిని తఱచు తుడువవలెను. ఏది పెట్టినను, వచ్చు గొట్టమునకు తక్కువ కాని పొర్లుగొట్టము ట్యాంకునకు తప్పక యుండవలెను.

తానే నడచు ప్రతి యంత్రమును మంచిది కాదని కూడ చెప్పవలసియున్నది. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ఇచ్చినపుడు, బావులకు పెట్టిన ఆటోస్టార్టరులను తీసివేయవలసినదిగా రైతులను ప్రభుత్వమువారు కోరిరి. ఏలయనఁగా ఆటోస్టార్టరునకు విద్యుత్తు వచ్చినదని తెలియును గాని, పొలము తడిసినదని తెలియదు. భూగర్భజలము తఱుఁగుచున్నదనియు తెలియదు. విద్యుత్తును చూచి నడచు యంత్రము వేఱు, నీటిని చూచి నడచు యంత్రము వేఱు. మనకు కావలసినది రెండవది.

మట్టమనఁగా ఏమో కొల్లేటివారికి వేఱుగా చెప్ప నక్కఱలేదు. 1999లో అయిదవ కాంటూరు వఱకు అభయారణ్యమని ప్రకటించిననాఁడును, 2006లో ఆ గీఁత లోపలి చేఁపలచెఱువుల గట్లు కొట్టించిననాఁడును, సముద్రమట్టమునకు అయిదడుగుల యెత్తునఁ గీచిన గీఁత యెన్ని కుటుంబముల బ్రతుకును కదిలించినదో మీరు చూచితిరి. కొల్లేరు మన పెద్ద ట్యాంకు; ఉప్పుటేరు దాని పొర్లుగొట్టము. అది పూడినచో వఱదలో ఊళ్లు మునుఁగును. ఆ పెద్దదానిని కాచుట ప్రభుత్వముతోఁగూడ మనయందఱి పని. ఈ చిన్నదానిని కాచుటకు మాత్రము ఒక బెండు, కొంత తీఁగ, కొంత తెలివి చాలును.

కడపట మూఁడు మాటలు. పనివాఁడు యంత్రము బిగించిన దినముననే మీరెదుట నిలిచి, బెండును చేతితో ఎత్తించి మోటారు ఆగుట చూడుఁడు. తీఁగ నొకటి ఊడఁదీయించి అప్పుడును ఆగుట చూడుఁడు. నెలకొకమాఱు ఈ పరీక్షను మరల చేయింపుఁడు. ముఖ్యముగా ఫాల్గుణమున పెద్దింట్లమ్మ జాతరకు జనము రాకమునుపే చేయింపుఁడు. మూఁడవది, యంత్రము వచ్చినదని కాపరిని తీసివేయకుఁడు. నేను చెప్పిన గ్రామమున ఆ కుఱ్ఱవాఁడు నేఁటికిని ఉన్నాఁడు. రాత్రి నిద్రపోవును, పగలు ట్యాంకు కడుగును, మందు కలుపును, కారు గొట్టములు వెదకి కట్టును. బెండు చేయఁదగిన పనిని బెండునకిచ్చి, మనుష్యుఁడు చేయఁదగిన పనిని మనుష్యునికిచ్చిరి. నీరు నిలిచినది, వాని కూడును నిలిచినది.