పాత కారు మీద మనసా? ముందు ఛాసిస్ చూడండి

ఇంగ్లాండు స్పోర్ట్స్ కారు కొని బాగుచేసుకోవాలని కలలు కనే యౌవనస్థులు మా పెద్దకడుబూరు వంటి పల్లెల్లోనూ లేకపోలేదు. వారితో మేము చెప్పేదేమంటే, అటువంటి కారుకు దగ్గరి చుట్టం మన మద్రాసులోనే తయారైంది.

1959లో ఇంగ్లాండులో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు వెలువడింది. దాని ఛాసిస్‌ను కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. ఆ హెరాల్డే 1961 నుండి మద్రాసు శివార్లలో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది.

దీనిని బాగుచేయడం కొంత సులువే. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు వంగుతుంది. బాడీ భాగములు బోల్టులతో బిగించి ఉంటాయి గనుక చెడినదానిని విప్పి మార్చుకొనవచ్చును. అయితే బరువంతా మోసేది ఛాసిస్సే. పైన రంగు మెరుస్తున్నా క్రింద తుప్పు తినివేస్తే అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది. కాబట్టి బండి క్రిందికి దూరి చూడండి.

కాగితాలూ చూడండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపము మారని బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఆ బండిని రోజువారీ పనులకు గాని, కిరాయికి గాని నడపరాదు. అనగా అది తినేదే గాని తెచ్చేది కాదు.

కావున విత్తనాల డబ్బు, బిడ్డల ఫీజు ముట్టవద్దు. ఇల్లాలితో చెప్పకుండ అప్పు చేయవద్దు. కల చెడ్డది కాదు. యాభై ఏళ్లు ఆగిన కారు, మరి రెండు పంటలు ఆగలేదా?