గుత్తులు గుత్తులుగా అంటువ్యాధి

అంటువ్యాధి యనగానే మన మనస్సున మెదలు చిత్రమొకటి కలదు. ఒకరి నుండి ఇద్దరకు, ఇద్దరి నుండి నలుగురకు, నలుగురి నుండి ఎనమండుగురకు - చెరువులో రాయి విసరినపుడు లేచు అలలవలె వ్యాధి నలుదిక్కులకు సమముగా వ్యాపించునని తలంతుము. ఊపిరి ద్వారా సోకు వైరసులలో కొన్ని అట్లు నడువవు. 2020వ సంవత్సరమున లోకమును చుట్టిన కోవిడ్ వ్యాధి దీనిని స్పష్టముగా చూపినది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున స్కాజిట్ అను జిల్లా కలదు. 2020 మార్చి 10వ తేదీ సాయంకాలము అచ్చటి బృందగాన సంఘమువారు 61 మంది సాధనకై ఒక హాలులో కూడిరి. వారిలో ఒకరికి మూడు దినములుగా జలుబువంటి లక్షణములుండెను. సాధన రెండున్నర గంటలు సాగినది. కుర్చీలు దగ్గర దగ్గరగా నున్నవి. నడుమ ఫలహారము కూడ జరిగినది. పిదప అధికారులు విచారింపగా, ఆ యొకరు గాక మరి 52 మందికి వ్యాధి సోకినట్లు తేలినది. అందు 32 మందికి పరీక్ష వలన నిర్ధారణ యైనది; తక్కిన 20 మంది విషయము లక్షణములను బట్టి నిర్ణయించిరి. ముగ్గురు ఆసుపత్రి పాలైరి. ఇద్దరు మరణించిరి. పాట పాడుకొనుటకై ఇల్లు వెడలిన సాయంకాలమది!

ఇది యెట్లు జరిగినది? మనము మాటలాడునపుడు నోటి నుండి తుంపరలు వెడలును. పెద్దవి త్వరలోనే నేల వ్రాలును. కంటికి కనబడని సూక్ష్మమైనవి మూసిన గదిలో అగరువత్తి పొగవలె చాలసేపు తేలుచుండును. బిగ్గరగా మాటలాడినను, గొంతెత్తి పాడినను అట్టివి మరింత ఎక్కువగా వచ్చును. గాలి కదలని గదిలో గంటల తరబడి కూర్చున్నవారు ఒకరి నొకరు తాకనక్కరలేదు. (బయటి సవ్వడి చొరకుండ తలుపులు బిగించు మా ప్రసార మందిరములు సైతము అట్టి గదులే!)

మన ప్రాంతమునందును ఇందుకు సాక్ష్యమున్నది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రముల ఆరోగ్య సిబ్బంది సేకరించిన వివరములను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2020లో 'సైన్స్' పత్రికయందు ప్రకటించిరి. 84,965 మంది రోగులు. వారి చెంత మెలగినవారు 5,75,071 మంది. ఇంటింటికి తిరిగి ఇన్ని పేర్లు వ్రాసికొనిన ఆ సిబ్బంది శ్రమ సామాన్యమైనది కాదు. ఫలితమేమనగా, చెంత మెలగినవారిని పరీక్షింపగా, నూటికి సుమారు 70 మంది రోగుల విషయమున వ్యాధి సోకినవారు ఒక్కరును కనబడలేదు. కొద్దిమంది చుట్టును మాత్రము గుత్తులు గుత్తులుగా కేసులు బయల్పడినవి.

సగటు లెక్క మనలను మోసగించునది ఇచ్చటనే. పదిమంది రోగుల వలన ఇరువదిమందికి వ్యాధి సోకినదనుకొందము. సగటున ఒక్కొక్కరి వలన ఇద్దరికి. కాని నిజమున ఏడుగురు ఎవ్వరికిని అంటింపక, ఇద్దరు చెరియొకరికి మాత్రమే అంటించి, మిగిలిన ఒక్కరి వలననే పదునెనమండుగురికి సోకియుండవచ్చును. అందువలననే ఒక ఊరిలో వ్యాధి ఒకటి రెండిండ్లతో ఆగిపోగా, ప్రక్క ఊరిలో ఒక పెండ్లి తరువాత వీథి వీథియంతయు మంచము పట్టుట సంభవించును. మొదటి ఊరివారి ఆహారమును పొగడుదుము, రెండవ ఊరివారి అలవాట్లను తెగడుదుము. పలుమారు ఆ తేడా యంతయు ఒక్క గదిలో, ఒక్క పూట జరిగినదే.

ఆ ఒక్కరిని దూషించుట కూడ న్యాయము కాదు. కోవిడ్ సోకినవారు లక్షణములు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందుగనే ఇతరులకు అంటింపగలరు. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అను మరియొక వైరస్ ఒక ఆసుపత్రి అత్యవసర విభాగమున ఒకే రోగి నుండి 80 మందికి పైగా సోకినది. పాపము, ఆయన వైద్యమునకై వచ్చినవాడు. తన వ్యాధి యేదియో ఆయన కెరుకలేదు.

వ్యాధి గుత్తులుగా వ్యాపించుచున్నదని తెలిసిన పిదప విచారణ పద్ధతి కూడ మారినది. 2020లో జపాను దేశమువారు మూసిన గదులు, క్రిక్కిరిసిన జనము, ముఖాముఖి సంభాషణ - ఈ మూడింటిని తప్పించుకొనుడని ప్రజలకు చెప్పిరి. రోగి దొరకినపుడు "నీవు ఎవరిని కలిసితివి?" అని మాత్రమే గాక, "నీకు ఎచ్చట సోకినది?" అనియు అడిగి వెనుకకు నడచిరి. మన లెక్కనే మరల చూడుడు. క్రొత్తగా సోకిన ఆ ఇరువదిమందిలో ఎవరినో ఒకరిని పట్టుకొని వెనుకకు నడచినచో, ఇరువదింట పదునెనిమిది పాళ్లు ఆ ఒక్క గదికే చేరుదుము. ఆ గదిలో ఆనాడు కూర్చున్నవారి పేర్లు దొరకినచో, తక్కిన పదునేడుగురి ఇండ్లును తెలియును. వారిలో కొందరు ఇంకను మంచము పట్టియుండరు.